బెంగళూరు నుంచి గోవా బైక్ ర్యాలీకి: ప్లాన్ తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టండి

నవంబరు దగ్గరపడుతుంటే మారతహళ్ళి, హెచ్‌ఎస్‌ఆర్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉన్న మన తెలుగు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతుంది: "ఈసారి గోవా రైడ్ పక్కానా?" పక్కా అన్న పది మందిలో సగం మంది బయల్దేరతారు. వాళ్ళు టికెట్టు, హోటలు, పొద్దున్న ఎన్నింటికి ఎక్కడ కలవాలి, అన్నీ చూసుకుంటారు. ఎలా తిరిగొస్తారో మాత్రం ఎవరూ అనుకోరు. సోమవారం ఆఫీసు స్టాండప్ మీటింగుకి అందుకోవాలని ఆదివారం రాత్రి గోవాలోని వాగతోర్‌లో బండి స్టార్ట్ చేసి, నిద్ర లేకుండా ఆరొందల కిలోమీటర్లు తోలుతారు. ఈ మొత్తం ట్రిప్పులో నన్ను నిజంగా భయపెట్టేది ఆ ఒక్క రాత్రే. అందుకే ప్లాన్ అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు క్యాలెండర్

గోవా ర్యాలీలు సాధారణంగా వారాంతంలో జరుగుతాయి. రెండు మూడు రోజుల పాటు అర్ధరాత్రి దాకా పాటలు, ఎండలో తిరుగుడు, చాలీచాలని నిద్ర. ఆ ఒంటితో వెనక్కి రావాలని గుర్తుపెట్టుకుని సెలవులు రాసుకోండి.

నేను చెప్పే లెక్క ఇది. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే గోవా వదలండి. సాయంత్రానికి హుబ్బళ్ళి చేరండి, సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ గది తీసుకుని పడుకోండి. సోమవారం పొద్దున్నే బయల్దేరితే మిగిలిన 410 కిలోమీటర్లు నాలుగు లేన్ల హైవే, మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా బెంగళూరు శివార్లలోని నెలమంగల. అంటే సోమవారం సెలవు తప్పనిసరి. ఆదివారం రాత్రి చివరి షో చూడకుండా రాలేం అంటారా, అయితే ఆ రాత్రి గోవాలోనే పడుకుని సోమవారం బయల్దేరండి, మంగళవారం కూడా సెలవు పెట్టండి. ఈ రెండూ కుదరకపోతే బండి వద్దు, బస్సులో వెళ్ళి ర్యాలీ చూసి రండి. గట్టిగా చెబుతున్నానని అనిపించవచ్చు. కానీ ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

తిరుగు తేదీ ఖాయమయ్యాకే వెళ్ళే తేదీ చూడండి. రోజుకు 300 కిలోమీటర్లకు మించి ఎప్పుడూ తోలని వాళ్ళు వెళ్ళేటప్పుడు కూడా హుబ్బళ్ళి, ధార్వాడ్, బెళగావిలలో ఎక్కడో ఒకచోట రాత్రి ఆగాలి.

ఏ ర్యాలీకి

దక్షిణాది వాళ్ళకు అందుబాటులో పెద్దవి రెండు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ మోటోవర్స్ నవంబరులో వాగతోర్‌లో జరుగుతుంది. 2023కి ముందు దీన్ని రైడర్ మేనియా అనేవాళ్ళు. రెండోది ఇండియా బైక్ వీక్, 2013లో గోవాలో మొదలైంది, మామూలుగా డిసెంబరులో. ఇది గోవా వదిలి మహారాష్ట్రలో లోనావలా వైపు జరిగిన సందర్భమూ ఉంది కాబట్టి, పోయినేడు జరిగిన చోటే ఈ ఏడూ జరుగుతుందనుకుని గది బుక్ చేసుకోకండి. తేదీ, వేదిక అధికారికంగా ప్రకటించాక టికెట్టు, టికెట్టు చేతికొచ్చాక గది. ఈ వరస తప్పకూడదు.

గది వాగతోర్, అంజునాల్లో దొరక్కపోతే మాపుసా చూడండి. ర్యాలీ రోజుల్లో రేట్లు పెరుగుతాయి, ఆలస్యం చేసేకొద్దీ ఇంకా పెరుగుతాయి. ఫోన్ చేసి మూడు అడగండి: బండి పెట్టుకోవడానికి గేటు లోపల చోటుందా, రాత్రి వాచ్‌మన్ ఉంటాడా, మనం వెళ్ళే తేదీలకు రద్దు చేసుకుంటే డబ్బులు వెనక్కి ఇస్తారా.

దారి

హుబ్బళ్ళి దాకా ఆలోచించేదేం లేదు, ఎన్‌హెచ్ 48 మీద నేరుగా పోవడమే. తుమకూరు 70 కిలోమీటర్లు, చిత్రదుర్గ 200, దావణగెరె 260, హుబ్బళ్ళి 410. ఆ తర్వాత మూడు దారులు.

ఒకటి, ధార్వాడ్, బెళగావి మీదుగా చోర్లా ఘాట్ దిగి సాంఖళి, డిచోళి, మాపుసా. ఉత్తర గోవాకు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా పట్టేది ఇదే, మొత్తం 620 కిలోమీటర్ల చిల్లర. ఘాట్ రోడ్డు రెండు లేన్లే, మలుపులు ఎక్కువ, వాన వెలిసిన నెలల్లో గుంతలుంటాయి. రెండు, ధార్వాడ్ నుంచి అళ్నావర్, అన్మోడ్ ఘాట్ మీదుగా మొల్లెం, ఫోండా. అడవి దారి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కానీ చీకట్లో వద్దు. మూడు, హుబ్బళ్ళి నుంచి యల్లాపుర, అంకోలా, కార్వార్ మీదుగా సముద్రం పక్కనున్న ఎన్‌హెచ్ 66. దూరం ఎక్కువ, అరబైల్ ఘాట్‌లో లారీలు వరసకట్టి దిగుతుంటాయి. దక్షిణ గోవాలో పనుంటే తప్ప ర్యాలీకి ఇది చుట్టుదారే.

ఏ దారైనా ఒక నియమం: ఘాట్ వెలుతురులో దిగాలి. నవంబరులో సాయంత్రం ఆరు దాటగానే చీకటి పడిపోతుంది. కనుక నాలుగు గంటలకల్లా ఘాట్ పైన ఉండాలి. లేదంటే బెళగావిలో ఆగిపోవాలి. నాలుగున్నరకి బెళగావి చేరి "ఇంకో రెండు మూడు గంటలేగా" అనుకునే వాళ్ళే చోర్లాలో ఎదురు హెడ్‌లైట్ల వెలుగుకి గుంత కనపడక పడతారు.

హుబ్బళ్ళి–ధార్వాడ్ బైపాస్ చాలా ఏళ్ళు రెండు లేన్లతోనే ఉండి ప్రమాదాలకు పేరుపడ్డ రోడ్డు. వెడల్పు పనుల వల్ల మళ్ళింపులు కూడా ఉండొచ్చు. అక్కడ ఓవర్‌టేక్ మాట మర్చిపోండి. ఇంకో జాగ్రత్త, చిత్రదుర్గ వైపు కొండల మీద గాలిమరలు కనపడగానే హ్యాండిల్ కాస్త సడలించి పట్టుకోండి, వేగం తగ్గించండి. లారీ పక్క నుంచి ముందుకు రాగానే అడ్డగాలి ఒక్కసారిగా తోస్తుంది. వెనక పెద్ద బాక్సులు కట్టిన బండ్లకు ఇది మరీ ఎక్కువ.

సగటు వేగం విషయంలో మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. నాలుగు లేన్ల హైవే మీద టూవీలరుకు కేంద్రం పెట్టిన పరిమితి గంటకు 80. ఆగడాలు, పెట్రోలు, టీ, అన్నీ కలిపితే సగటున గంటకు 55 వస్తే చాలా మంచిది. అంటే బెళగావికే తొమ్మిది గంటలు పైగా, వాగతోర్‌కి దాదాపు పన్నెండు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితేనే ఒక్కరోజులో చేరే లెక్క కుదురుతుంది.

బండి

సర్వీసు బయల్దేరే ముందురోజు చేయించే అలవాటు చాలామందికి ఉంది. అది వద్దు, పది రోజుల ముందే చేయించండి. సర్వీసులో ఏ నట్టయినా సరిగ్గా బిగించకపోయినా, ఆయిల్ ఎక్కడైనా కారుతున్నా, తర్వాత ఓ రెండొందల కిలోమీటర్లు తిరిగితే బయటపడుతుంది. బయటపడాల్సింది బెంగళూరులోనే, దార్లో శిరా దాటాక కాదు.

మెకానిక్‌కి "జనరల్ చెకప్ అన్నా" అని చెప్పి వచ్చేయకండి. పక్కన నిలబడి ఇవి చూపించమనండి.

టైర్లు. టైరు గాడుల మధ్యలో చిన్న ఉబ్బు ఉంటుంది, దాని సూటిలో టైరు అంచు మీద టీడబ్ల్యూఐ అని రాసి ఉంటుంది. రబ్బరు ఆ ఉబ్బు మట్టానికి అరిగితే టైరు అయిపోయినట్టే. ఇంకా కొంచెం మిగిలున్నా, ఈ ట్రిప్పుకి మార్చేయమనే అంటాను. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి: 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు బాగున్నా ఐదేళ్ళు దాటిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు.

అంతకంటే ముఖ్యంగా, మీ బండిది ట్యూబ్‌లెస్సా, ట్యూబా అన్నది తెలుసుకోండి. చువ్వల చక్రాలైతే చాలా బండ్లకు ట్యూబే. ట్యూబ్‌లెస్‌కి పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు ఉంటే పది నిమిషాల పని. ట్యూబు బండికి మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, చక్రం విప్పాలి. వాళ్ళు ముందు చక్రానికొకటి, వెనక చక్రానికొకటి ట్యూబులు మోసుకెళ్ళాలి, సైజులు వేరువేరుగా ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ముందుది 19 అంగుళాలు, వెనకది 18. దార్లో పంక్చర్ షాపులకు కొదవ లేదు, కానీ మీ సైజు ట్యూబు ఆ షాపులో ఉంటుందన్న గ్యారంటీ లేదు.

చైను. సెంటర్ స్టాండ్ వేసి, కింది వైపు చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. ఎంత ఆడాలో హ్యాండ్‌బుక్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడాలి; ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటే చైను అక్కడక్కడా సాగిపోయిందని, అది బిగించినా ఉపయోగం లేదని అర్థం, స్ప్రాకెట్లతో సహా మార్చాలి. సామాను, వెనక మనిషి ఎక్కాక చైను ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి ఖాళీ బండికి మరీ టైటుగా పెట్టించుకోకండి. చైను లూబ్ ప్రతి 500 కిలోమీటర్లకు వేయాలి, అంటే చేరగానే ఒకసారి, తిరిగి వచ్చే ముందు ఒకసారి.

బ్యాటరీ. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, చాలావాటికి కిక్ రాడ్డు లేదు. బ్యాటరీ పోతే బండి ఇక కదలదు. మూడేళ్ళు దాటిన బ్యాటరీ పొద్దున్నే కొంచెం మూలిగి స్టార్టవుతోందంటే మార్చేయండి.

క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ చివర్లలో తీగలు విడిపోతున్నాయేమో చూడండి. జేసీ రోడ్డులో కొత్త కేబుళ్ళు, ఫ్యూజులు, ఒక స్పార్క్ ప్లగ్, లీవర్లు, చైన్ లింకు కలిపి కొని సీటు కింద పెట్టుకోండి. కొత్త క్లచ్ కేబుల్‌ని పాతదాని వెంబడే టేపుతో కట్టి ఉంచే పద్ధతి ఉంది, తెగినచోటే రెండు చివర్లు మార్చి తగిలించుకోవచ్చు.

పూజ చేయించే అలవాటుంటే మైసూరు రోడ్డులో గాలి ఆంజనేయస్వామి గుడి ఉండనే ఉంది. నిమ్మకాయలు తొక్కించండి, వెళ్ళే దారిలోనే బంకులో టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కూడా కొట్టించండి. సామానుకు వెనక టైర్లో ఎంత ఎక్కువ పెట్టాలో బండి మీది స్టిక్కరులో ఉంటుంది.

ఒంటి మీద, బండి మీద

హెల్మెట్ ఐఎస్‌ఐ గుర్తున్నది, ముఖమంతా మూసేది. నల్ల వైజర్‌తో చీకట్లో తోలలేరు, తెల్లది ఒకటి పెట్టుకోండి. భుజాలు, మోచేతులు, వీపు ప్రొటెక్టర్లున్న జాకెట్, గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు. స్పోర్ట్స్ షూ లేసు గేర్ లీవర్లో చిక్కుకుంటుంది, లేసుల కొనలు లోపలికి దోపండి. నవంబరులో బెంగళూరు చుట్టుపక్కల వాన పడుతుంది, రెయిన్ సూట్ బ్యాగులో అన్నిటికంటే పైన ఉండాలి.

మెడికల్ షాపులో దొరికే మెత్తని ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి. హెల్మెట్ లోపల గంటల తరబడి వినిపించే గాలి హోరు ఒంటిని ఎంత అలసిపోయేలా చేస్తుందో వాడి చూస్తేనే తెలుస్తుంది. హారన్లు, ఇంజిన్ శబ్దం వినపడుతూనే ఉంటాయి.

బరువైనవి కింద, బండి మధ్యకు దగ్గరగా. సైలెన్సర్ వైపు బ్యాగు వేళ్ళాడితే కాలిపోతుంది. కొక్కేలున్న సాగే తాళ్ళ కంటే బకిల్స్‌తో బిగించే బెల్టులు మేలు. ఒక కొక్కెం ఊడి వెనక చక్రంలో చుట్టుకుంటే చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. మొదటి పెట్రోల్ బంకులో ఆగి ప్రతి బెల్టూ చేత్తో లాగి చూడండి, తొలి గంటలోనే అవి సర్దుకుని వదులవుతాయి.

ఇదంతా కట్టాక ఒక ట్రయల్ రైడ్ తప్పనిసరి. లేపాక్షి 120 కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి రావచ్చు. అసలు పరీక్ష కావాలంటే గండికోట: వెళ్ళడానికి 280, రాత్రి అక్కడే ఆగి, మర్నాడు తిరిగి 280. నడుం ఎక్కడ పట్టేస్తోంది, ఏ బ్యాగు జరుగుతోంది, నింపిన ట్యాంకు ఎన్ని కిలోమీటర్లు వస్తోంది, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. 13 లీటర్ల ట్యాంకు, లీటరుకు 33 అనుకుంటే పైకి 400 దాటుతుంది కానీ, హైవేలో ప్రతి 250కి నింపుకోండి. ఘాట్‌కి ముందైతే ఎంత మిగిలి ఉన్నా నింపాల్సిందే.

కాగితాలు

ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. జిరాక్సులు కూడా పెట్టుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు అక్కరకొస్తాయి. మనలో చాలామంది బండ్లు ఆంధ్రా, తెలంగాణ నంబర్లవి, అప్పుడప్పుడూ చెక్‌పోస్టులో ఆపుతారు. కంగారు పడక్కర్లేదు, కాగితాలు చూపించి మర్యాదగా మాట్లాడితే రెండు నిమిషాల పని.

పాలసీ తెరిచి ఒకసారి చదవండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే పడ్డప్పుడు మీ బండికి పైసా రాదు. యజమానికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందా, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందా చూసుకుని ఆ నంబరు సేవ్ చేసుకోండి. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో అమల్లోకి తెచ్చింది, ఆసుపత్రిలో అడగండి. వేరేవాళ్ళు పడి ఉంటే ఆగి సాయం చేయడానికి భయపడకండి. మోటారు వాహనాల చట్టం 134ఏ సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇస్తోంది.

హెల్మెట్ లోపల, పర్సులో ఒక చీటీ: పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ళ నంబరు. ఇంట్లో చెప్పే వెళ్ళండి. అమ్మ కంగారు పడుతుందని దాచేవాళ్ళున్నారు. దార్లో ఏదైనా జరిగి, తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఆవిడ పడే కంగారు దానికి వంద రెట్లు. లైవ్ లొకేషన్ పెట్టి, ఆగినచోటల్లా ఒక మెసేజ్ ఇస్తే చాలు.

బయల్దేరే రోజు

ముందురోజు సాయంత్రం ఆరుకల్లా ఆఫీసు పని కట్టేయండి, తొమ్మిదికి పడుకోండి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వాళ్ళు రింగు రోడ్డు మీద హెబ్బాళ్, గొరగుంటెపాళ్య మీదుగా తుమకూరు రోడ్డు ఎక్కాలి, ఆ వేళలో ఖాళీగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళు నైస్ రోడ్డు పట్టుకునే ముందు ఒకటి గుర్తుంచుకోండి: రాత్రి 10 నుంచి తెల్లవారి 5 వరకు టూవీలర్లను దాని మీదికి రానివ్వడం లేదు. అందరూ నెలమంగల దాటాక ఒక బంకులో కలుసుకోవడం మేలు.

తుమకూరు దగ్గర క్యాత్సంద్రలో తట్టె ఇడ్లీ, కాఫీ. దావణగెరె చేరేసరికి బెణ్ణె దోసె. మధ్యాహ్నం మాత్రం మనవాళ్ళకు ఆంధ్రా మెస్ బోర్డు కనపడితే కాళ్ళు ఆగవు. పప్పు, గోంగూర, నెయ్యి వేసుకుని కడుపునిండా తిని మళ్ళీ సీటెక్కితే అరగంటలో కళ్ళు మూతలు పడతాయి. పగలు సగం కడుపుకే తినండి, ఆ భోజనం రాత్రికి దాచుకోండి. నీళ్ళు, ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగుతూ ఉండండి.

గంటన్నరకోసారి పది నిమిషాలు ఆగండి, అలసట లేకపోయినా సరే. నిద్ర వచ్చే ముందు ఒళ్ళు చెబుతుంది: ఆవలింతలు, లేన్ గీత మీదికి జారిపోవడం, దాటిన చివరి ఐదు కిలోమీటర్లు గుర్తులేకపోవడం. ఈ మూడోది జరిగితే మీరు తోలుతూనే కునికి ఉండొచ్చు. వైజర్ ఎత్తి గాలి తగిలించుకోవడం, పాట పెట్టుకోవడం దానికి మందు కాదు. బంకులో బండి ఆపి, అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోండి, లేచాక టీ తాగి కదలండి.

గుంపుగా వెళ్తే

ఐదారు బండ్లకు మించితే రెండు జట్లు చేయండి. దారి తెలిసినవాళ్ళు ముందు, పంక్చర్ కిట్, మందుల పెట్టె ఉన్న అనుభవజ్ఞులు చివర, అందరికంటే కొత్తవాళ్ళు ముందు బండి వెనకే. వేగం ఆ కొత్తవాళ్ళది, మిగతావాళ్ళు సర్దుకోవాలి. ఒకరు లేన్‌లో కుడివైపు, తర్వాతవాళ్ళు ఎడమవైపు, మధ్యలో రెండు సెకన్ల దూరం. ఓవర్‌టేక్ ఎవరిది వాళ్ళే చూసుకుని చేయాలి. ముందు బండి వెళ్ళింది కదా అని వెనకే దూరకూడదు. విడిపోతే వెతుక్కుంటూ వెనక్కి తిరగొద్దు, ముందే అనుకున్న తర్వాతి స్టాపులో కలవండి.

ర్యాలీలోనూ, తర్వాతా

అక్కడ ఏం చూడాలో మీకెవరూ చెప్పక్కర్లేదు. కస్టమ్ బండ్లు, డర్ట్ ట్రాక్ పోటీలు, ఏ ఊరి నుంచో ఒంటరిగా వచ్చిన రైడర్లతో మాటలు, వీటికోసమే ఇంత దూరం వెళ్తాం. తాగేవాళ్ళు గది నుంచి వేదికకు టాక్సీలోనో, నడిచో వెళ్ళండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, రాత్రి బాగా తాగినవాళ్ళకు తెల్లారాక కూడా అది మిగిలే ఉండొచ్చు. శనివారం రాత్రి త్వరగా ఆపేస్తేనే ఆదివారం మధ్యాహ్నం బండెక్కడం కుదురుతుంది.

బయల్దేరే ముందు గోవాలోనే ట్యాంకు నింపండి, లీటరు ధర కర్ణాటక కంటే తక్కువ. టైర్లు, చైను, బెల్టులు మళ్ళీ మొదటిరోజులాగే చూడండి. గుంపులో ఎవరైనా "నేను రాత్రికి డైరెక్టుగా వెళ్ళిపోతా బ్రో" అంటే బతిమాలైనా హుబ్బళ్ళిలో ఆపండి. అందరి పేరునా గది ముందే బుక్ చేసి డబ్బు కట్టేసి ఉంటే ఆ వాదన అసలు రాదు. సోమవారం నెలమంగల దాకా ఎంత హాయిగా వచ్చినా అక్కడి నుంచి ఇంటికి రెండు గంటలు వేసుకోండి, సాయంత్రం నాలుగు దాటితే ఇంకా ఎక్కువ. అలసిన చేతులకు క్లచ్ నొక్కడం నొప్పెడుతుంటే తుమకూరు రోడ్డు మీదే ఆగి ఓ టీ తాగండి.

ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో బండి మంచినీళ్ళతో కడిగించండి. సముద్రపు ఉప్పుగాలి చైను మీద, నట్ల మీద, చువ్వల మీద తుప్పు పట్టిస్తుంది. చైను కడిగి, ఆరబెట్టి, లూబ్ వేసి, ఎర్రమట్టి పట్టిన ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడమనండి. ఘాట్ దిగడంలో బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో కూడా అప్పుడే చూపించుకోండి.